మామయ్యగారి బోదకాలు మాత్ర మీ వారికి వద్దు

ప్రశ్న: డాక్టర్ గారూ, మా వారు ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్. ఇథియోపియాలో జిమ్మా అవతల ఒక చిన్న ఊళ్లో నాలుగేళ్లు పాఠాలు చెప్పి ఏడాదిన్నర కిందట వచ్చేశారు. వచ్చిన ఆరు నెలలకు నడుము, పిరుదులు, తొడల మీద దురద మొదలైంది. గజ్జి అని మూడుసార్లు మందు రాశారు, తగ్గలేదు. రక్తంలో ఈసినోఫిల్స్ అనే తెల్ల కణాలు పెరిగి 22 శాతం ఉన్నాయన్నారు. బోదకాలేమోనని రాత్రి పూట రక్తం తీసి చూశారు, అందులో ఏమీ లేదు. చివరికి ఒక స్కిన్ డాక్టర్ తుంటి ఎముక మీద ఉసిరికాయంత గడ్డ చూసి, చర్మం చిన్న ముక్క తీసి పరీక్ష చేయించి 'ఆంకోసెర్కియాసిస్' అన్నారు. నెట్‌లో వెతికితే దాని పేరు 'రివర్ బ్లైండ్‌నెస్' అని ఉంది. ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు. దానికి తోడు నెల రోజులుగా ఆయనకు ఎడమ కంట్లో నీళ్లు కారుతున్నాయి, ఎండలోకి వెళితే ఆ కన్ను తెరవలేకపోతున్నారు. మా మామయ్యగారికి బోదకాలు. "ఇదీ ఆ పురుగు జాతే కదరా, నా మాత్రలే వేసుకో" అంటున్నారు. కరోనా అప్పటి ఐవర్‌మెక్టిన్ షీటు కూడా ఇంట్లో ఉంది. ఏది వేయాలి? చూపు పోతుందా? గడ్డ తీయించాలా? పిల్లలు ఒక్క వేసవి నలభై రోజులు అక్కడ ఉన్నారు, వాళ్లకు అంటుతుందా? ఆయన తువ్వాలు, దుప్పట్లు వేరు చేసి మరిగే నీళ్లలో ఉతుకుతున్నాను. — ఒక సోదరి, అమలాపురం

జవాబు: అమ్మా, మీరు అడిగిన వరుసలో కాకుండా, ముందు మామయ్యగారి మాత్రల గురించి చెబుతాను. అవి మీ వారికి వేయకండి. ఒక్కటి కూడా వద్దు. ఇప్పటికే వేసి ఉంటే ఈ ఉత్తరం పక్కన పెట్టి డాక్టర్‌కి ఫోన్ చేయండి.

మామయ్యగారు చెప్పినదాంట్లో సగం నిజమే. బోదకాలు తెచ్చే పురుగూ, మీ వారికి పట్టిన పురుగూ రెండూ ఫైలేరియా జాతివే, దాయాదులనుకోండి. కానీ వాటి కాపురాలు వేరు. బోదకాలు పురుగు శోషరస నాళాల్లో ఉంటుంది, దాని పిల్లలు రాత్రి పూట రక్తంలోకి వస్తాయి. అందుకే రాత్రి రక్తం తీస్తారు. మీ వారి పురుగు చర్మం కింద గడ్డ కట్టుకుని ఉంటుంది, దాని పిల్లలు చర్మంలోనే తిరుగుతాయి. రక్తంలో వెతికితే దొరకవు. రాత్రి పరీక్షలో ఏమీ లేదన్నారంటే ఆశ్చర్యం లేదు. ఎక్కడ వెతకాలో తెలిసి, ఉప్పునీటిలో చర్మం ముక్క వేసి చూసిన ఆ స్కిన్ డాక్టర్‌కి మీరు రుణపడి ఉండాలి. మన దగ్గర చాలామందికి ఆ ఆలోచన రాదు.

మామయ్యగారు వేసుకునే మాత్ర పేరు డీఈసీ, డైఈథైల్ కార్బమజైన్. పాతవాళ్లకు హెట్రాజాన్ అంటే తెలుస్తుంది. బోదకాలుకి మంచి మందు, నేనేమీ వంక పెట్టను. గోదావరి జిల్లాల్లో పని చేసిన రోజుల్లో నేనే వేల మాత్రలు రాసి ఉంటాను. ఛాతీలో పిల్లికూతలు, రిపోర్టులో ఈసినోఫీలియా, అంటే ఆ ఈసినోఫిల్స్ పెరగడం, ఉంటే చాలు, మూడు వారాల డీఈసీ రాసి పంపేవాళ్లం. ఎక్కడెక్కడ ఉండి వచ్చావని ఎవరినీ అడిగేవాళ్లం కాదు. గోదావరి దాటి వెళ్లి వచ్చినవాళ్లే తక్కువ, ఇక ఆఫ్రికా మాట ఎక్కడిది! మీ వారికి 22 శాతం ఈసినోఫిల్స్ చూసి ఎవరూ ఆ మాత్ర రాయకపోవడం అదృష్టమనే అనుకుంటున్నాను.

ఎందుకు వద్దంటున్నానో చెప్పాలి కదా. ఈ జబ్బులో కంటికి హాని ఎలా జరుగుతుందో తెలిస్తే అది అర్థమవుతుంది. గడ్డలో ఉన్న ఆడ పురుగు అడుగు నుంచి అడుగున్నర పొడవుండి, చుట్ట చుట్టుకుని పడుకుంటుంది. పది, పదిహేనేళ్లు బతుకుతుంది. రోజుకు వెయ్యి దాకా పిల్లల్ని వదులుతుంది. వాటిని మైక్రోఫైలేరియా అంటారు, ఒక్కోటి మిల్లీమీటరులో మూడో వంతు ఉంటుంది. ఇవి చర్మంలో పాకుతూ కొన్ని కంటిలోకి కూడా చేరతాయి. అక్కడ బతికి ఉన్నంతసేపు పెద్దగా గొడవ చేయవు. చచ్చినప్పుడే అసలు రగడ. వాటి ఒంట్లో వోల్‌బాకియా అనే బాక్టీరియా కాపురం ఉంటుంది. పురుగు చచ్చి చితికితే ఆ సూక్ష్మజీవులు బయటపడతాయి. మన రోగనిరోధక శక్తి వాటి మీదికి విరుచుకుపడుతుంది. ఆ దాడిలో నలిగేది కంటి పొరలు. చర్మంలో అదే పని జరిగితే దురద, దద్దుర్లు. కంటిలో జరిగితే మచ్చ. చర్మం మళ్లీ వస్తుంది, కన్ను అలా కాదు.

ఇప్పుడు డీఈసీ ఏం చేస్తుందో ఊహించండి. ఆ పిల్లల్ని గంటల్లో, ఒకేసారి, ఒళ్లంతా చంపేస్తుంది. భరించలేని దురద, జ్వరం, వాపులు, రక్తపోటు పడిపోవడం, కంటి లోపల వాపు, కంటి నరం దెబ్బతినడం దాకా వెళ్లవచ్చు. 1948లో మెక్సికోలో మజ్జోటి అనే వైద్యుడు ఈ ప్రతిచర్యనే జబ్బు గుర్తుపట్టే పరీక్షగా వాడాడు. కాస్త మందు ఇచ్చి ఒళ్లు దురదపెడితే జబ్బు ఉన్నట్టు. ఆ రోజుల్లో వేరే దారి లేదు. ఈ రోజుల్లో ఆ పని చేయకూడదు. ఆఫ్రికాలో ఈ జబ్బు ఉన్న ప్రాంతాల్లో బోదకాలు నివారణకు మాత్రలు పంచేటప్పుడు కూడా డీఈసీ జోలికి వెళ్లరు, ఐవర్‌మెక్టిన్, ఆల్బెండజోల్ ఇస్తారు. మీ వీధిలోకి ఆశా కార్యకర్త ఫైలేరియా మాత్రలు తెచ్చినప్పుడు మీ వారి సంగతి చెప్పి, ఆయన వరకు మానిపించండి. మిగతా ఇంటివాళ్లు మామూలుగానే వేసుకోవచ్చు.

ఇక కన్ను. ఉత్తరం చదివి ఆ నీళ్లు పురుగు వల్లనో కాదో నేను చెప్పలేను. దుమ్ము, అలర్జీ, కన్ను పొడిబారడం, ఏదైనా కావచ్చు. అయితే వెలుతురు చూడలేకపోవడం నాకు నచ్చలేదు. నల్లగుడ్డు పై పొరలో వాపు ఉన్నా, లోపల కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర ఐరిస్‌లో వాపు ఉన్నా కన్ను అలాగే చేస్తుంది. అందుకని ఈ వారంలోనే కంటి డాక్టర్‌కి చూపించండి. కన్ను ఎర్రబడి నొప్పి వచ్చినా, చూపు ఉన్నట్టుండి మసకబారినా వారం ఆగవద్దు, ఆ రోజే వెళ్లండి. మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు తెచ్చి వేయకండి. రెండు రోజులు హాయిగా ఉంటుంది, లోపల ఏం ఉందో మాత్రం కనిపించకుండా పోతుంది, ఎక్కువ రోజులు వాడితే కంట్లో ప్రెషర్ పెరుగుతుంది.

వెళ్లినప్పుడు "కంట్లో నీళ్లు కారుతున్నాయి" అని మాత్రమే చెప్పి కూర్చోకండి. అలా చెబితే చుక్కలు రాసి పంపుతారు. ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి: నాలుగేళ్లు ఇథియోపియా నైరుతి ప్రాంతంలో ఉన్నారు, చర్మం పరీక్షలో ఆంకోసెర్కా పురుగు పిల్లలు కనిపించాయి, ఇంకా ఏ మందూ మొదలుపెట్టలేదు, కంటిలో పురుగు ఉందేమో చూడాలి. ఈ నాలుగు మాటలు చాలు.

గడ్డం ఆనించి చూసే మైక్రోస్కోపు ఉంటుంది కదా, స్లిట్ ల్యాంప్, దాని ముందు కూర్చునే ముందు మీ వారు తల మోకాళ్ల మధ్యకు వంచి కొన్ని నిమిషాలు అలాగే ఉండాలి. వినడానికి విచిత్రంగా ఉంటుంది. కంటి ముందు గదిలోని నీటిలో ఈ పిల్లలు అడుగున చేరి ఉంటే, తల వంచినప్పుడు పైకి వస్తాయి. అప్పుడు వెలుగులో సన్నని దారపు పోగుల్లా కదులుతూ కనిపిస్తాయి. మన దగ్గర రోజూ వచ్చే కేసు కాదు కాబట్టి డాక్టర్‌కి గుర్తు లేకపోవచ్చు, మొహమాటపడకుండా మీరే అడగండి. ఏ డాక్టరూ దీనికి చిన్నబుచ్చుకోడు.

ఆ తర్వాత కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి కంటి వెనక తెర రెటీనా, కంటి నరం చూడాలి. ప్రెషర్ చూడాలి. పక్కచూపు ఎంతవరకు ఉందో కొలిచే ఫీల్డ్ పరీక్ష చేయించాలి. ఇవన్నీ ఎందుకంటే, ఈ పురుగు కంటి ముందు భాగంలో చేసే గొడవ తెలుస్తుంది: నీళ్లు, ఎరుపు, మంట. వెనక భాగంలో చేసేది తెలియదు. రెటీనా అంచుల దగ్గర మెల్లగా పాడవుతుంది, కంటి నరం పాలిపోతుంది, నొప్పి ఉండదు. చీకట్లో తడుముకోవడం, పక్కనుంచి వచ్చే మనిషి కనపడకపోవడం, ఇలా మొదలవుతుంది. మనిషి తన చూపు తగ్గిందనుకోడు, కరెంటు బల్బు వెలుగు తగ్గిందనుకుంటాడు. అమలాపురంలో ఈ పరీక్షలన్నీ ఒకచోట కుదరకపోతే హైదరాబాద్ వెళ్లండి, సరోజినీదేవి ఆసుపత్రిలో గానీ ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రిలో గానీ ఇలాంటి కన్ను చూడగలిగినవాళ్లు ఉంటారు.

చూపు పోతుందా అన్నారు. పోదనే నా నమ్మకం. ఉత్త ఓదార్పు మాట కాదు, కారణాలు చెబుతాను. ఈ జబ్బుతో కళ్లు పోయినవాళ్లు పుట్టినప్పటి నుంచి ఏటి ఒడ్డున బతికి, ఏళ్ల తరబడి రోజూ ఈగ కాట్లు తిని, ఒంట్లో లక్షల కొద్దీ పురుగు పిల్లలు చేరినవాళ్లు. వేగంగా పారే వాగుల్లో పెరిగే సిమూలియం అనే చిన్న నల్ల ఈగ కాటుతో ఇది వస్తుంది. అందుకే ఏటి పేరు పెట్టారు, నీళ్లు తాగితేనో ఈదితేనో వచ్చేది కాదు. పశ్చిమ ఆఫ్రికాలో వోల్టా నది పాయల వెంట ఊళ్లకు ఊళ్లు మంచి నేల వదిలేసి పోయాయి, కళ్లు పోతున్నాయని. 1974లో అక్కడ హెలికాప్టర్లతో వాగుల మీద ఈగల్ని చంపే మందు చల్లడం మొదలుపెట్టారు. 2002 దాకా ఆ పని నడిచింది. ఆ గడ్డి మైదానాల పురుగు రకం కంటికి ఎక్కువ చెడ్డది. మీ వారు ఉన్న ఇథియోపియా నైరుతిలో చర్మం బాధే ఎక్కువ, గుడ్డితనం అరుదు. మొత్తం ప్రపంచానికి 2017లో వేసిన లెక్క చూసినా, ఈ పురుగు వల్ల చర్మ జబ్బుతో ఉన్నవాళ్లు కోటీ 46 లక్షలు, చూపు దెబ్బతిన్నవాళ్లు 11 లక్షల 50 వేలు. పైగా మీ వారిలా బయటి నుంచి వెళ్లి కొన్నేళ్లు ఉండి వచ్చినవాళ్లకు సాధారణంగా పురుగుల భారం తక్కువ, దురద మాత్రం ఎక్కువ. పేరు భయపెట్టేదే గానీ, పేరు చూసి నిద్ర మానుకోకండి.

కన్ను చూపించాక మందు. ఈ వరుస ముఖ్యం. ముందు కన్ను, తర్వాత మాత్ర. కంటి లోపల పురుగు పిల్లలు కనిపిస్తే, ఐవర్‌మెక్టిన్‌కి కొన్ని రోజుల ముందు నుంచి స్టెరాయిడ్ మాత్రలు ఇవ్వాలా అన్నది డాక్టర్లు తేల్చుకుంటారు. స్కిన్ డాక్టర్, కంటి డాక్టర్ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకునేలా చేయండి. మన ఊళ్లలో ఇది కష్టమే, కానీ ఫోన్ కలిపి ఇస్తే మాట్లాడతారు.

ఐవర్‌మెక్టిన్ పుట్టిందే ఇలాంటి పురుగుల కోసం. జపాన్‌లో సతోషి ఒమురా అనే శాస్త్రవేత్త ఒక గోల్ఫ్ మైదానం దగ్గరి మట్టిలో దొరికిన సూక్ష్మజీవిని పెంచితే, అమెరికాలో విలియం క్యాంప్‌బెల్ అందులోంచి మందు తీశాడు. 1987 నుంచి మెర్క్ కంపెనీ ఈ జబ్బుకు దాన్ని ఉచితంగా ఇస్తోంది. 2015లో వాళ్లిద్దరికీ నోబెల్ వచ్చింది. ఐదేళ్ల తర్వాత కరోనాలో మనవాళ్లు దాన్ని బఠాణీల్లా మింగారు, పనికిరాని చోట. నిజంగా పనికొచ్చే జబ్బు ఇప్పుడు మీ ఇంటికొచ్చింది. అలాగని ఆ పాత షీటు విప్పకండి. ఒకటి, దాని గడువు ఎప్పుడో అయిపోయి ఉంటుంది. రెండు, కరోనాలో వేసుకున్నట్టు రోజుకొకటి ఐదు రోజులు కాదు, బరువును బట్టి ఒకే ఒక్క మోతాదు. మూడు, ఆ మోతాదు తర్వాత మొదటి రెండు మూడు రోజులు దురద పెరగడం, జ్వరం, కాళ్లూ ముఖం కాస్త వాయడం, లేచి నిలబడితే కళ్లు తిరగడం ఉండవచ్చు. డీఈసీ అంత మోటుగా ఉండదు, అయినా ఆ మూడు రోజులు ఆయన ఊరు దాటకుండా, డాక్టర్‌కి అందుబాటులో ఉండాలి.

ఇది పిల్ల పురుగుల్ని తుడిచేస్తుంది గానీ గడ్డలోని తల్లిని చంపదు. తల్లి కొన్నాళ్లు కనడం ఆపి మళ్లీ మొదలుపెడుతుంది. అందుకే ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి చొప్పున, దురద, ఇతర లక్షణాలు పూర్తిగా పోయే దాకా, ఏళ్ల తరబడి వేయాల్సి వస్తుంది. ఆ ఏళ్లను తగ్గించడానికి ఇంకో దారి ఉంది. పైన వోల్‌బాకియా అన్నాను చూడండి, అది లేకపోతే తల్లి పురుగు బతకలేదు, కనలేదు. మనకు తెలిసిన డాక్సీసైక్లిన్ మాత్ర ఆ బాక్టీరియాని చంపుతుంది. రోజూ వేస్తూ ఆరు వారాలు. తల్లి గొడ్రాలవుతుంది, తర్వాత నెమ్మదిగా చస్తుంది. మీ వారు మళ్లీ ఆ ప్రాంతానికి వెళ్లే ఆలోచనలో లేకపోతే దీని గురించి డాక్టర్‌ని తప్పకుండా అడగండి. అన్నం తిన్నాక, గ్లాసు నిండా నీళ్లతో వేసుకుని, వెంటనే పడుకోకూడదు. పాలతో వద్దు. ఎండకు చర్మం కందుతుంది, అమలాపురం ఎండ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

గడ్డ తీయించాలా? తుంటి మీది గడ్డ కోసం అంత తొందర లేదు. 1915లో గ్వాటెమాలాలో రోబ్లెస్ అనే డాక్టర్ ఒక పిల్లవాడి నుదుటి మీది గడ్డ తీస్తే లోపల ఈ పురుగు కనిపించింది, కంటి జబ్బుకూ దానికీ సంబంధం ఉందని అప్పుడే తేలింది. అక్కడ గడ్డలు తలమీద ఎక్కువ, తల మీదివి కంటికి దగ్గర కాబట్టి తీసేయాలనేవారు. ఆఫ్రికాలో గడ్డలు ఎక్కువగా నడుము కిందే. మీ వారి తల, మెడ, భుజాలు ఒకసారి మీ చేత్తో తడిమి చూడండి. ఇంకెక్కడైనా గోళీలా తగిలితే డాక్టర్‌కి చెప్పండి. ఒక్కటే ఉండి, సులువుగా వచ్చేదైతే తీయించినా తప్పు లేదు, ఆ ఒక్క తల్లి తగ్గుతుంది. కనపడని తల్లులు లోతుగా ఉండవచ్చు కాబట్టి మందు మాత్రం తప్పదు.

పిల్లల గురించి నిశ్చింతగా ఉండండి. ఇది మనిషి నుంచి మనిషికి అంటదు. పక్కన పడుకున్నా, ఒకే కంచంలో తిన్నా రాదు. మన దోమలు దీన్ని మోయలేవు. నలభై రోజులు ఉండి వచ్చినవాళ్లకు ఇది పట్టే అవకాశం చాలా తక్కువ, ఒకటీ రెండూ కాదు, ఎన్నో కాట్లు పడితే గానీ ఇది పట్టదు. కాటు పడ్డాక లక్షణాలు రావడానికి ఏడాది, ఒక్కోసారి రెండేళ్లు పడుతుంది కాబట్టి, ఈలోగా పిల్లలకు కారణం లేని దురద వస్తే "ఇథియోపియా వెళ్లి వచ్చారు" అని మాత్రం చెప్పండి. గజ్జి అయితే ఇంటిల్లిపాదీ గోక్కునేవారు, మీ ఇంట్లో ఒక్కరే గోక్కుంటున్నారు, ఆ తేడా మొదట్లోనే ఎవరైనా గమనించి ఉండాల్సింది. దుప్పట్లు మరిగించే శ్రమ ఈ రోజుతో ఆపేయండి. తువ్వాలు మళ్లీ అందరి తువ్వాళ్ల పక్కనే ఆరేయండి. ఆయన మీకు చెప్పకపోయినా, అది వేరే తీగ మీద ఉండటం ఆయనకు తెలుస్తూనే ఉంటుంది.

ఒక్క మాట ఆయన్ని అడగండి. అక్కడ ఊళ్లో పంచిన మాత్రలు ఎప్పుడైనా వేసుకున్నారా? జబ్బు ఉన్న ప్రాంతాల్లో ఏటా అందరికీ ఐవర్‌మెక్టిన్ పంచుతారు. బయటి నుంచి వచ్చిన ఉద్యోగులు మాకెందుకులే అని ఊరుకుంటారు. వేసుకుని ఉంటే ఎప్పుడు, ఎన్నిసార్లు అన్నది డాక్టర్‌కి కావాలి.

ఇది చదివే మిగతావాళ్లలో బోరు రిగ్గుల మీదనో, రోడ్డు పనుల మీదనో, పాఠాలు చెప్పడానికో ఆఫ్రికా వెళ్లేవాళ్లు ఉంటారు. ఈ ఈగ పగలు కుడుతుంది, రాత్రి దోమతెర దీనికి అడ్డం కాదు. వాగుల దగ్గర పని ఉన్నప్పుడు నిండు చేతుల చొక్కా, ప్యాంటు, ఒంటికి రాసుకునే దోమల మందు. టీకా లేదు. కామెరూన్, గాబన్, కాంగో వైపు ఉండి వచ్చినవాళ్లకు ఇంకో జాగ్రత్త ఉంది. అక్కడ లోవా లోవా అనే ఇంకో పురుగు ఉంది, ఒక్కోసారి తెల్లగుడ్డు మీద పాకుతూ కనిపించేది అదే. అది రక్తంలో ఎక్కువగా ఉన్నప్పుడు ఐవర్‌మెక్టిన్ వేస్తే మెదడుకు ప్రమాదం. కాబట్టి వాళ్లు ముందు పగటి పూట రక్తం తీయించుకుని అది లేదని తేల్చుకోవాలి. మీ వారు ఇథియోపియా దాటి ఆ దేశాల్లో ఉండలేదు కదా? ఉంటే ఆ కాగితం మీద ఆ ఊళ్ల పేర్లు కూడా రాయండి.

స్లిట్ ల్యాంప్‌లో ఏం కనిపించిందో, ఫీల్డ్ పరీక్ష కాగితంలో ఏముందో నాకు రాయండి. డాక్సీసైక్లిన్ ఎప్పుడు మొదలుపెట్టాలన్నది అప్పుడు ఇంకాస్త వివరంగా చెప్పగలను. మామయ్యగారికి నా నమస్కారాలు చెప్పి, ఆయన మాత్రల డబ్బా ఆయన గదిలోనే ఉంచుకోమనండి.